అవసరమైనప్పుడు చూసుకుందాంలే

కంప్యూటర్ల దగ్గర నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒకచోట కుప్ప పోస్తే, అన్నిటి అడుగునా ఒకే మాట దొరుకుతుంది: "అవసరమైనప్పుడు చూసుకుందాంలే." ఇంట్లో ఈ మాట అన్నందుకు మా ఆవిడ చేత నాలుగు చీవాట్లు తిని ఊరుకోవచ్చు. కాలేజీ ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ నేనే దిక్కయిన రోజుల్లో కూడా అదే మాట అన్నాను. పైగా ఆ మాటని కంప్యూటర్ చేతే అనిపించే సదుపాయం ఒకటి ఉందని తెలిసినప్పుడు, నాకోసమే ఎవరో కూర్చుని తయారుచేశారేమో అన్నంత సంబరపడ్డాను.

నా ఉద్యోగం పేరు కంప్యూటర్ ఆపరేటరు. గోదావరి జిల్లాలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ. జీతాల బిల్లుల దగ్గర్నుంచి ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం లాగడం దాకా అన్నీ నా నెత్తినే. ఆ ఆవరణలో నాకంటే తెలిసినవాడు లేడు కాబట్టి నాకు అన్నీ తెలుసని అందరూ అనుకున్నారు. వాళ్ళతోపాటు నేనూ అనుకున్నాను.

1999లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000 వచ్చింది. అది మా ఊరి దాకా రావడానికి మరికొంత కాలం పట్టింది. అంతకుముందు సాఫ్ట్‌వేర్ ఎక్కించడమంటే సీడీ పెట్టి, నెక్స్ట్ మీద నెక్స్ట్ కొట్టి, టీ తాగి రావడం. ఈసారి ఇన్‌స్టాలరే కొత్తది. విండోస్ ఇన్‌స్టాలర్ అన్న పద్ధతితో వచ్చిన మొదటి పెద్ద సాఫ్ట్‌వేర్ ఇదే. కస్టమైజ్ నొక్కితే వర్డ్, ఎక్సెల్, వాటి కింద ఒక్కోదానికీ ఉన్న పరికరాలు కొమ్మలు రెమ్మలుగా విచ్చుకునేవి. ప్రతిదాని పక్కనా చిన్న డిస్కు బొమ్మ. దాన్ని నొక్కితే అడిగేది: ఇది మీ కంప్యూటర్లోంచి నడవాలా, సీడీలోంచి నడవాలా, అసలే వద్దా? వీటి మధ్యలో ఇంకో ఎంపిక ఉండేది. "ఇన్‌స్టాల్డ్ ఆన్ ఫస్ట్ యూజ్." అంటే, ఇప్పుడు ఎక్కించను, మొదటిసారి మీరు వాడబోయినప్పుడు ఎక్కిస్తాను అని. అది ఎంచుకుంటే డిస్కు బొమ్మ మీద 1 అంకె పడేది.

ఆ అంకె నాకు తెగ నచ్చింది. అప్పట్లో మా ఆఫీసులో నాలుగు జీబీ డిస్కు ఉన్న కంప్యూటరే గొప్ప. అందులో సగం జీతాల ఫైళ్ళు, అడ్మిషన్ ఫైళ్ళు, మిగిలిన దాంట్లో సూపర్నెంటు గారి అమ్మాయి పెళ్ళి ఫోటోలు. వర్డ్, ఎక్సెల్ మినహా కనబడ్డవాటన్నిటికీ 1 పెట్టుకుంటూ పోయాను. డిస్కులో ఎంత మిగిలిందో ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన తల ఊపారు. ఆ ఊపుకి అర్థం "బాగుందయ్యా, నాకేం తెలీదు" అని ఇప్పుడు నాకు తెలుసు.

దాని పనితీరు నిజానికి చాలా తెలివైనది, నా తెలివితక్కువతనానికి దాన్ని తిట్టను. 1 పెట్టిన పరికరం పేరు మెనూలో మామూలుగానే కనిపిస్తుంది. విండోస్ రిజిస్ట్రీలో దాని వివరం ఉంటుంది. లేనిదల్లా అసలు ఫైళ్ళే. శుభలేఖలో అచ్చయిన చుట్టాల పేర్లలాంటివి ఆ మెనూలోని పేర్లు. పేరున్న ప్రతివాళ్ళూ పందిట్లో ఉంటారని లేదు, కొందరికి మనిషిని పంపితే గానీ రారు. మీరు ఆ పేరు నొక్కగానే ఇన్‌స్టాలర్ లేచి, తాను మొదట ఎక్కడినుంచి ఎక్కిందో ఆ చోటు గుర్తు తెచ్చుకుంటుంది. అక్కడికి వెళ్ళి కావలసిన ఫైళ్ళు తెచ్చి పెట్టి, మీ పని మీకు అప్పగిస్తుంది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఆ చోటు సర్వర్లో ఒక ఫోల్డరు. వాళ్ళకి క్షణం ఆగి పని అయిపోతుంది, సీడీ మొహం చూడనక్కర్లేదు. మా కాలేజీలో ఆ చోటు సీడీ డ్రైవు. సీడీ ఉన్నది ప్రిన్సిపాల్ గారి గదిలో, గోద్రెజ్ బీరువాలో, సర్వీసు రిజిస్టర్ల కింద.

ల్యాబులో కంప్యూటర్లకి హబ్ ఉంది, కేబుళ్ళున్నాయి. సీడీ మొత్తం ఒక మిషన్లో కాపీ చేసి, అక్కడినుంచి మిగతావాటికి ఎక్కిస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి చెయ్యకపోవడాన్ని ఏమంటారో మీకే వదిలేస్తున్నాను. ఆ రోజు సీడీని బీరువాలో పెట్టించి రసీదు పుస్తకంలో సంతకం కూడా చేశాను, జాగ్రత్తపరుణ్ణి కదా.

ఆ జాగ్రత్త ఖరీదు కట్టింది మా లెక్కల మాస్టారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ వయసులో టైపు నేర్చుకుని, తన ప్రశ్నపత్రం తానే కొట్టుకోవాలన్న పంతం ఆయనది. సోమవారం ఇంటర్నల్ పరీక్ష, ఆదివారం మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆఫీసు తీయించారు. ప్రశ్నలన్నీ కొట్టేశారు. సమాకలనులు, మాత్రికలు వచ్చే చోట్ల ఖాళీలు వదిలి పెట్టుకున్నారు. "ఏవయ్యా, ఆ ఈక్వేషన్ ఎడిటరో ఏదో ఉందన్నావుగా, పెట్టు" అన్నారు. నేను దర్జాగా ఇన్సర్ట్, ఆబ్జెక్ట్ నొక్కాను. జాబితాలో "మైక్రోసాఫ్ట్ ఈక్వేషన్ 3.0" ఉంది. "ఇదుగోండి" అన్నాను. నొక్కాను. ఈ సదుపాయం ఇంకా ఎక్కించలేదు, ఇప్పుడు ఎక్కించమంటారా అని అడిగింది. ఎస్ కొట్టాను. సీడీ పెట్టమంది.

నేను ఓకే కొట్టాను. సీడీ లేకుండానే. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఓకే కొట్టాను. పక్క మిషన్ దగ్గరికి వెళ్ళి అదే మెనూ, అదే నొక్కుడు, అదే ప్రశ్న. అన్నిటికీ నేనే 1 పెట్టి ఉన్నానని తెలిసీ, ఏదో ఒక మిషన్ నన్ను కరుణిస్తుందన్నట్టు గది చుట్టూ తిరిగాను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ చూస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు చెల్లెలి గారి ఊరు వెళ్ళారు, బీరువా తాళం ఆయన జేబులో ఉంది. "మరి అక్కడ పేరు కనబడుతోందిగా బాబూ?" అని అడిగారు మాస్టారు. "పేరుందండి. అదింకా రాలేదండి." ఆ జవాబు చెప్పిన నాకే అది జవాబులా అనిపించలేదు.

చివరికి ఖాళీలతోనే ప్రింటు తీశాం. మాస్టారు నల్ల పెన్నుతో సమాకలని గుర్తులు, అవధులు, మాత్రికల బ్రాకెట్లు చేత్తో వేశారు. మర్నాడు పొద్దున్నే ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో కాపీలు. ఒక ప్రశ్నలో ఎగువ అవధి "పై" గుర్తు జిరాక్సులో పలచబడి ఇంగ్లీషు ఎన్ లా కనిపించింది. కొందరు పిల్లలు ఎన్ దాకా సమాకలనం చేసి, జవాబులో ఎన్ పెట్టి తెచ్చారు. మాస్టారు వాళ్ళకీ పూర్తి మార్కులేశారు. "తప్పు వాళ్ళది కాదుగా" అన్నారు, నా వైపు చూడకుండా.

దీనికి అనుబంధం ఒకటుంది, అది ఇంకా సిగ్గుచేటు. వర్డ్‌లోనే ఫీల్డ్ కోడ్లలో "ఈక్యూ" అని ఒకటుంటుంది. భిన్నాలు, వర్గమూలాలు, అవధులతో సహా సమాకలని గుర్తు, వరసలు నిలువులుగా అంకెలు, అన్నీ దానితో వెయ్యొచ్చు. రాసే తీరు కొంచెం ముతక. కానీ దానికి సీడీ అక్కర్లేదు, ఎక్కించడం అక్కర్లేదు, వర్డ్‌తోపాటే లోపలికి వచ్చేసి ఉంటుంది. ఆ ఆదివారం అది మా కళ్ళెదుటి మిషన్లోనే ఉంది. ఎప్పుడో తీరిగ్గా హెల్ప్ చదువుతుంటే కనబడింది. మాస్టారికి చెప్పలేదు.

ఆ దెబ్బతో నేను రెండో కొసకి ఉరికాను. తర్వాత వచ్చిన ప్రతి కంప్యూటర్లోనూ ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ ఆమూలాగ్రం ఎక్కించేశాను. ఎవరూ వినని భాషల అక్షరదోషాల నిఘంటువులతో సహా. ఆఫీస్ 2003 నాటికి తయారుచేసినవాళ్ళకే ఈ సీడీల గోల అర్థమైనట్టుంది. ఎక్కించేటప్పుడే సీడీలోని సరుకుని డిస్కు మీద ఒక దాపుడు ఫోల్డరులో కాపీ చేసి ఉంచడం మొదలెట్టారు, తర్వాత ఏది కావాలన్నా అక్కణ్ణుంచే తీసుకునేలా. ఆ ఫోల్డరు పేరు ఎంఎస్ఓకాష్. దాన్ని ఒకనాడు డిస్కు ఊడుస్తూ చూశాను. వందల ఎంబీలు. పేరు చూస్తే ఏదో చెత్తలా ఉంది. తుడిచేశాను. ఒక మిషన్లో తుడిచాక బాగుందనిపించి అన్నిట్లోనూ తుడిచాను. నాలాంటివాళ్ళ కోసం కట్టిన గోడని నాలాంటివాడే పగలగొట్టుకుపోతాడని వాళ్ళు మాత్రం ఎలా ఊహిస్తారు?

ఈక్వేషన్ ఎడిటర్ కథకి ఇంకో మలుపుంది. 2017 నవంబరులో ఆ పాత ఎడిటర్లో ఒక పెద్ద లోపం బయటపడింది. ఎవరైనా కావాలని తయారుచేసి పంపిన డాక్యుమెంటు తెరిస్తే చాలు, పంపినవాడి ప్రోగ్రాము మన కంప్యూటర్లో నడిచేస్తుంది. ఆ ఎడిటర్ ఫైలు 2000 నవంబరులో తయారైనది, అంటే పదిహేడేళ్ళుగా ఆ కన్నం అలాగే ఉంది. ముందు అతుకు వేశారు. 2018 జనవరి అప్‌డేట్‌లో ఏకంగా ఎడిటర్నే పీకి పారేశారు. ఆఫీస్ 2007 నుంచీ వర్డ్‌లో సమీకరణాలకి వేరే ఏర్పాటు ఉంది కాబట్టి చాలామందికి తెలియను కూడా లేదు. వాడని పరికరం డిస్కు మీద లేకపోతే దాని కన్నాలూ ఉండవన్నది ఈ "అవసరమైనప్పుడే" పద్ధతికి ఉన్న అసలైన మంచి కారణాల్లో ఒకటి. నా లెక్క చూడండి: సోమరితనంతో 1 పెట్టిన రోజుల్లో మా మిషన్లలో ఆ ఫైలు లేదు, బుద్ధి తెచ్చుకుని అన్నీ ఎక్కించాక ప్రతి మిషన్లోనూ ఉంది. మాస్టారి పాత ప్రశ్నపత్రాల్లో సమీకరణాలు ఇప్పటికీ కనిపిస్తాయి, వాటి మీద రెండుసార్లు నొక్కితే మాత్రం ఆ పాత ఎడిటర్లో తెరుచుకోవు.

విండోస్ 8 నుంచి ఈ పద్ధతి ఆఫీసుని దాటి విండోస్‌లోకే వచ్చింది. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 అనేది విండోస్ 7లో ఎక్కించే పని లేకుండా ఉండేది. 8లో, 10లో దాని పేరు జాబితాలో ఉంటుంది, సరుకు విండోస్ అప్‌డేట్ సర్వర్లలో ఉంటుంది. దాని మీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాము నడపబోతే, ఈ ఫీచరు కావాలి, దించుకోమంటారా అని అడుగుతుంది. మా ఫీజుల సాఫ్ట్‌వేర్ ఆ బాపతు పాతది. ఆఫీసు మిషన్‌కి విండోస్ 10 ఎక్కించాను, ఫీజు కట్టే ఆఖరి తేదీకి ముందు రోజున. ముహూర్తాలు పెట్టడంలో నాకు సాటి లేదు. ఆ మిషన్‌కి నెట్ లేదు, ఫీజుల లెక్కలకి వైరస్ పడుతుందని నేనే తీయించాను. దించుకోమన్నాను. సున్నా ఎక్స్ ఎనిమిది సున్నా సున్నా ఎఫ్ అంటూ మొదలయ్యే ఒక అంకెల దండ చూపించి ఊరుకుంది.

కౌంటర్ దగ్గర పిల్లలు, పిల్లల వెనక తండ్రులు. కార్బన్ పేపరు పెట్టి రసీదులు రాయించడం మొదలెట్టారు సూపర్నెంటు గారు. నేను లోపల కూర్చుని విండోస్ సరిగ్గా ఎక్కలేదని తీర్మానించి, మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించడం మొదలుపెట్టాను. డీవీడీ పెట్టాను, ఫార్మాట్ చేశాను, మధ్యాహ్నం భోజనం మానేసి కాపలా కాశాను. అంతా అయ్యాక ఫీజుల ప్రోగ్రాము నొక్కితే మళ్ళీ అదే ప్రశ్న, అదే దండ. అడగదా మరి? ఎన్నిసార్లు ఎక్కించినా కొత్త విండోస్‌లో అది ఉండదు. అదే దాని స్వభావం.

సాయంత్రం కంప్యూటర్ సైన్సు లెక్చరరు, కొత్తగా చేరిన అమ్మాయి, లోపలికొచ్చి "ఆ డీవీడీలోనే ఉంటుంది కదండీ" అంది. డీవీడీలో సోర్సెస్ అనే ఫోల్డరు, అందులో ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఇంకో ఫోల్డరు. డాట్‌నెట్ 3.5 సరుకు అక్కడే ఉంటుంది. నల్ల తెర తెరిచి, డిజం అనే ఆదేశం ఇచ్చి, ఆ ఫోల్డరు దారి చూపిస్తే చాలు, నెట్ లేకుండానే ఎక్కుతుంది. ఆ అమ్మాయి ఎక్కించేసింది. పొద్దుటినుంచీ నేను ట్రేలో పెడుతూ తీస్తూ ఉన్న డీవీడీ అదే. ఆవిడ "పర్లేదండి, చాలామందికి తెలీదు" అంది. తిట్టినా బావుండేది.

ఇవన్నీ ఆఫీసు సరుకుల గొడవలు. తెలుగు విషయంలో చేసింది చెప్పకపోతే ఈ స్వగతం సగమే. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఉండేది, కానీ అది కూడా అడిగితేనే వచ్చే సరుకు. కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఒక గడి ఉండేది. దాని పక్కన రాసి ఉన్నదానికి అర్థం: సంక్లిష్ట లిపులకీ, కుడినుంచి ఎడమకి రాసే భాషలకీ ఫైళ్ళు ఎక్కించు, థాయ్‌తో సహా. ఆ గడి నేను చాలాసార్లు చూశాను. మనకి థాయ్ ఎందుకు అనుకుని వదిలేశాను. అందులో టిక్కు పెడితే అరబ్బీ, హీబ్రూ, థాయ్, వియత్నామీ భాషలతోపాటు భారతీయ భాషల ఫైళ్ళూ, పది ఎంబీ జాగాలోనే, వస్తాయని టిక్కు పెట్టినవాడికే తెలుస్తుంది. ఒక కుర్రాడు ల్యాబులో తెలుగు వికీపీడియా తెరిచాడు. 2003లో మొదలైంది అది. తెరంతా డబ్బాలు. "సార్, తెలుగు రావట్లేదు." నేను వచ్చి చూసి, చాలా గంభీరంగా, ఆ సైటు సరిగ్గా తయారుచెయ్యలేదని తేల్చి చెప్పాను. వాడు నమ్మాడు, సార్ కదా చెప్పింది.

ఆ తర్వాత ఎప్పటికో టిక్కు రహస్యం తెలిసి, గౌతమి ఫాంటుతో ప్రేమలో పడ్డాను. కాలేజీ స్వర్ణోత్సవ సంచిక వెయ్యాలన్నప్పుడు వ్యాసాలన్నీ గౌతమిలో నేనే కొట్టాను, పాత ఎక్స్‌పీ మిషన్ మీద. విషయసూచికలో పేజీ నంబర్లు చేత్తో వేశాను. వర్డ్ తనే వేస్తుందన్నారెవరో, నమ్మలేదు. చివర్లో ఫైలు తీసుకెళ్ళి కొత్త ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చేసి ప్రెస్సుకి పంపాను. అందులో విండోస్ 10. అందులో తెలుగుకి నిర్మలా యూఐ అనే ఫాంటు మొదట్నుంచే ఉంటుంది. గౌతమి, వాణి మాత్రం తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్న పేరుతో ఆప్షనల్ ఫీచర్ల జాబితాలోకి వెళ్ళిపోయాయి. విండోస్‌లో తెలుగుని ఒక భాషగా చేర్చుకున్నవాళ్ళకి అవి వాటంతటవే దిగుతాయి. నేను చేర్చుకోలేదు. విడిగా ఒక టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను కాబట్టి అవసరం లేదనుకున్నాను. ఆ ల్యాప్‌టాప్ లెక్కలో నేను తెలుగువాణ్ణి కాను.

ప్రూఫు వచ్చింది. అక్షరం మారింది, వరసలు కదిలాయి, పేజీలు జరిగాయి. విషయసూచిక ఒక దారి, పుస్తకం ఒక దారి. ప్రిన్సిపాల్ గారి సందేశం ఉన్న పేజీకి వెళితే క్రీడా నివేదిక ఎదురవుతోంది. ప్రెస్సుకి వెళ్ళి, అక్కడ కూర్చున్న డీటీపీ కుర్రాడి మీద పడ్డాను. నా ఫాంటు మార్చడానికి నువ్వెవరివి, గౌతమి నీ దగ్గర లేకపోతే ఫోన్ చేసి అడగాలి కదా అని. ఆఫీస్ 2000 నాటి నుంచి సర్వీసున్నవాణ్ణని కూడా చెప్పుకున్నాను.

వాడు నోరెత్తకుండా నా పీడీఎఫ్ తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న ట్యాబు నొక్కాడు. ఆ ఫైల్లో ఏ ఫాంట్లున్నాయో అక్కడ వరసగా ఉంటాయి. నిర్మలా యూఐ ఉంది. గౌతమి లేదు. నేను ల్యాప్‌టాప్ తీసి వర్డ్ ఫైలు తెరిచి చూపించాను: "ఇదుగో, చూడు, గౌతమి." పైన ఫాంటు గడిలో గౌతమి అనే ఉంది. "పేరుందండి" అన్నాడు వాడు. "ఫాంటు లేదు." తన ఫోనులోంచి నా ల్యాప్‌టాప్‌కి నెట్ ఇచ్చి, సెట్టింగ్స్‌లో యాప్స్, ఆప్షనల్ ఫీచర్స్, యాడ్ ఎ ఫీచర్ నొక్కి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ పక్కన టిక్కు పెట్టాడు. దిగుతున్నంతసేపూ ఇద్దరం ఆ గీత నిండడం చూస్తూ కూర్చున్నాం. ఫైలు మూసి తెరిస్తే పేజీలు వాటి చోట్లకి వచ్చాయి.

"రెండో ప్రూఫుకి ఎంతవుతుంది?" అని అడిగాను. బిల్లు కాలేజీ పేరు మీద రాయమంటారా అన్నాడు. నా పేరు మీదే రాయమన్నాను. విషయసూచిక నంబర్లు వర్డ్ చేతే వేయించమంటారా అని కూడా అడిగాడు. అది తర్వాత చూసుకుందాంలే అన్నాను.